సరుకుల పుస్తకంలో ఒకరు

పెట్టె పోయింది శనివారం. పోయినట్టు తెలిసింది సోమవారం ఉదయం 8:40కి. టోంగాలో ఆదివారం విమానాలు ఎగరవు, గోదాముల తాళాలు తీయరు.

పెట్టెలో ఉన్నది ఒక్కటే మాత్ర. రేడియో అయోడిన్. వియన్నాలోని అణుశక్తి సంస్థ కుదిర్చిన ఒప్పందం కింద సిడ్నీ నుంచి వచ్చింది. చుట్టూ సీసం. బరువు పన్నెండు కిలోలు. ఎనిమిది రోజుల్లో మాత్ర బలం సగమైపోతుంది.

అది కలొలైనె కోసం. బడి పంతులమ్మ. ముప్పై నాలుగేళ్లు. గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో మొదలైన కేన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మాత్ర పనిచేయాలంటే ఒంట్లో అయోడిన్ ఉండకూడదు. నాలుగు వారాలుగా ఆమె చేప ముట్టలేదు. థైరాయిడ్ బిళ్లలు మానేసింది. ఎండలోనూ వణుకుతోంది.

ఇన్‌స్పెక్టర్ మనాసే వారం రోజులు వెతికాడు. రేవు. పాత ఇనుము కొట్లు. వలలకు సీసపు గుండ్లు పోసేవాళ్ల ఇళ్లు. రేడియోలో ‘మందు పెట్టె పోయింది’ అని చెప్పించాడు. ఎవరూ రాలేదు.

మరుసటి సోమవారం 10:15కి గోదాములో సరుకుల పుస్తకం మళ్లీ తెరిచాడు. పక్కన ఆస్పత్రి టెక్నీషియన్ లూపే.

“విమానంలో ఎన్ని సరుకులొచ్చాయి?”

“పద్నాలుగు. పుస్తకంలో పదమూడే ఉన్నాయి.”

“కింద ఈ వరస?”

“అది సరుకు కాదు కదా సార్. ‘ఒకరు’ అని ఉంది. ఎవరో ప్రయాణికుడు.”

“సరుకుల పుస్తకంలో ప్రయాణికుణ్ని రాస్తారటమ్మా?”

అది రాసినవాడు గుమాస్తా ఫెహోకో. పెట్టె పోయినట్టు తెలిసిన సోమవారమే, తెల్లవారకముందు, చెల్లెలి అంత్యక్రియలకు దూరపు దీవికి వెళ్లాడు. అక్కడ ఫోను అందదు. ఈ రోజు పదకొండు గంటల పడవలో దిగాడు, నడుముకు సంతాపపు చాప చుట్టుకుని.

“పెద్దాయనా, ‘ఒకరు’ అంటే ఎవరు?”

“మనిషిని ఒకటి అంటారా? నిన్ను అంటే ఊరుకుంటావా?”

“ఏ మనిషి?”

“పేరు లేదు బాబూ. చిన్న పెట్టె, పెద్ద బరువు. పైన ‘తపు’ అని రాసుంది. పై దేశాల్లో చనిపోయినవాళ్లను కాల్చి బూడిద పంపుతారట కదా. ఆదివారంపూట చేమదుంపల బస్తాల మధ్య ఎలా వదిలేస్తాను? చర్చిలో అప్పగించాను.”

తపు. తాకరానిది. పవిత్రమైనది కూడా.

లూపే గోడకు ఆనుకుంది. “ఆ మాట నేనే రాయించాను సార్. రేడియేషన్‌కు వేసే మూడు రెక్కల గుర్తు ఇక్కడెవరికీ తెలియదని.”

పెట్టె బలిపీఠం వెనుక ఉంది. మీద తెల్ల గుడ్డ, పూలు. ఎవరూ తెరవలేదు.

“మీరు రేడియో వినలేదా?” మనాసే పాస్టరును అడిగాడు.

“విన్నాను. వాళ్లు మందన్నారు. నేను రోజూ సాయంత్రం ఈ మనిషి కోసం ప్రార్థించాను.”

లూపే మీటరు పెట్టి చూసింది. మాత్ర బలం సగానికి తక్కువ.

కబురు విని కలొలైనె చర్చికి వచ్చింది. ఒంటి నిండా దుప్పటి.

“సగం మింగితే సగం నయమవదా లూపే?”

“అవదక్కా. మిగిలిన కేన్సర్ కణాలు తర్వాత మందుకు లొంగవు. ఈ రోజే బిళ్లలు మళ్లీ మొదలుపెట్టు. ఇంకా మానితే నీ ఒళ్లు తట్టుకోదు.”

ఫెహోకో తలెత్తలేదు. ఆమె అతని భుజం మీద చేయి వేసింది.

“తొందరపడి నాకు ముందే ప్రార్థనలు చేయించావు కదా మామయ్యా.”



మనాసే కేసు మూసేశాడు. నేరం రాయలేదు. సిడ్నీ నుంచి ఇంకో మాత్ర రావడానికి మూడు నెలలు పడుతుంది. కలొలైనెకు వైద్యం ఇంకా మొదలు కాలేదు.