పాదులో నీళ్లు

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చేసరికి పిచ్చుక వాళ్లమ్మకి ఒళ్లు హూనమైపోయేది. అయినా చెప్పులు విప్పకుండానే ముందు గేటు పక్కనున్న జామమొక్క దగ్గరికి వెళ్లేది. దాన్ని నాటింది మొగుడు. నాటిన కొద్దిరోజులకే, కడుతున్న గోడ కూలి మీదపడి చనిపోయాడు. తాపీమేస్త్రీ చావు తాపీపనిలోనే వచ్చింది. అప్పటినుంచీ పిచ్చుక రోజూ ఒకటే ప్రశ్న.

"నాన్న మొక్క బతుకుతుందా అమ్మా?"

బతుకుతుందని కూతురికి మాటిచ్చేసింది. ఇచ్చాక భయం పట్టుకుంది, ఎందుకంటే అది బతికేలా లేదు. ఆకులు పసుపెక్కి, ముట్టుకుంటే చాలు రాలిపోతున్నాయి. మొక్కలమ్మే ఆయన్ని బతిమాలి తీసుకొస్తే, మొదలు చుట్టూ తీసిన పాదులో వేలు గుచ్చి వాసన చూశాడు.

"నీళ్లెక్కువయ్యాయమ్మా. వేరు కుళ్లుతోంది. కొన్నాళ్లు చుక్క పొయ్యకండి."

ఆమెకి అత్త మీద అనుమానమొచ్చింది. కొడుకు పోయాక ఏమీ తోచక పగలంతా చెంబు పట్టుకుని తిరుగుతోందేమో. అడిగితే ఆ ముసలావిడ ఎగాదిగా చూసింది.

"నా మోకాళ్లకి గేటు దాకా నడిచే సత్తువుంటే పక్క వీధి కబుర్లు కూడా నేనే మోసుకొద్దును కదే. నువ్వే పోస్తున్నావనుకుంటున్నా."

"నేను పొయ్యడంలేదు అత్తయ్యా."

కోడలు వెళ్లి వాకిట్లో కుళాయికి గుడ్డ చుట్టి బిగించి కట్టేసింది.

మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే వీధంతా దుమ్ము. పాదు నిండా నీళ్లు. కుళాయికి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

బతికున్న రోజుల్లో మొగుడి చేతికి చెంబు దొరికితే ఇంతే, కొలత ఎరగడు. ఎన్ని కుండీల్లో ఎన్ని మొక్కల్ని ముంచి చంపాడో. "పాపం, దాహమేస్తుందే" అనేవాడు. ఆ మాట గుర్తుకొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది. అక్కడే మెట్టు మీద కూలబడింది.

వెలుతురు తగ్గింది. వీధిలో అలికిడి సద్దుమణిగింది. తడిమట్టి వాసన లేచింది, దాంట్లో సిమెంటు వాసన కలిసింది. ఆయన పని చొక్కాలు ఉతికేటప్పుడు వచ్చే వాసనే.

నీళ్లు పడుతున్న చప్పుడు...

ఎత్తు నుంచి, సన్నటి ధారగా. చెంబు లేదు, చెయ్యి లేదు. పాదులో మాత్రం బుడగలు లేస్తున్నాయి. నీళ్లు అంచు దాటి ఆమె కాళ్ల దగ్గరికి పారుతున్నాయి.

కేక పెట్టాల్సింది. కానీ భయపడడానికి కూడా ఆమెలో ఓపిక మిగల్లేదు.

"చాలండీ," అంది గుసగుసగా. "అది చచ్చిపోతోంది. వదిలెయ్యండి."

చప్పుడు ఆగలేదు.

"మొక్కని నేను చూసుకుంటా. మీకంతగా మనసాగకపోతే పిల్లని చూసుకోండి."

ఆగింది.

ఆ తర్వాత పాదు ఎండింది. కొన్నాళ్లకి కొమ్మ చివర లేత చిగురు కనబడింది. కూతుర్ని ఎత్తుకెళ్లి చూపిస్తే ఆ పిల్ల చాలా రోజులకి నవ్వింది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. పిచ్చుక ఈమధ్య ఎప్పుడు చూసినా నిద్ర నిద్ర అంటోంది గానీ, ఎదిగే పిల్ల కదా అనుకుంది. తనకీ కంటినిండా నిద్ర పడుతోంది.

ఒకరోజు పొద్దున్నే బడికి లేపడానికి వెళ్తే, మంచం పక్కన కాలికి చల్లగా తగిలింది. నేలంతా తడి.

పక్క తడిపింది కాబోలు అనుకుంటూ దుప్పటి లాగింది. పిల్ల గౌను పొడిగా ఉంది. నడుం దగ్గర పొడి. మోకాళ్ల దగ్గర పొడి.

పాదాల చుట్టూ మాత్రం పరుపు గుండ్రంగా పల్లమైంది... అందులో చీలమండల దాకా నీళ్లు.

చంకల కింద చేతులేసి పిల్లని ఎత్తబోయింది. భుజాలు లేచాయి. నడుం లేచింది. మోకాళ్లు లేచాయి.

పాదాలు పరుపుని వదల్లేదు.

"లాగకమ్మా," అంది పిచ్చుక, కళ్లు తెరవకుండానే. "వాడిపోతాను."