ముప్పై ఒక్క సీసాల బీన్స్

ఆ ఏడు థెల్మా తోటకి ఏదీ కలిసి రాలేదు. జూలై నెలంతా వాన. ఆగస్టు మొదటి వారంలో టమాటా ఆకుల మీద నల్ల మచ్చలు లేచి, పది రోజుల్లో అరవై మొక్కలూ ఉడికించినట్టు మెత్తబడి కూలిపోయాయి. బంగాళాదుంపలు తవ్వితే సగం చేతిలోనే చితికిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, మిగిలిన క్యాబేజీలను జింకలు తినిపోయాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన ఆరు నెలలు మంచే. ఎండాకాలంలో ఉడికించి, మూత బిగించి సీసాలకెత్తుకున్నదే చలికాలం తిండి అనే పట్టింపుతో డెబ్భై ఆరేళ్ళు బతికిన మనిషి ఆవిడ. చివరికి ఆలస్యంగా విత్తిన బీన్స్ పాదులు మాత్రం మిగిలాయి. మిగతా తోటంతా చచ్చినా సిగ్గులేకుండా విరగకాశాయవి.

సెప్టెంబరు ఆఖరి శనివారం పొద్దున్న కూతురు నదీన్ మేడ మీది నుంచి దిగేసరికి వంటింటి కిటికీలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం తను పాఠాలు చెప్పే బడి వదలగానే బాంగర్ పట్నం నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది.

"లేచావా మహారాణీ? ఎనిమిదైంది. నీ వయసులో నేను ఈపాటికి రెండు సాళ్ళు కలుపు తీసేదాన్ని," అంది థెల్మా పొయ్యి దగ్గర నుంచి.

"నా వయసు యాభై ఒకటమ్మా. ఈ మోకాళ్ళు నీ పుణ్యమే."

"రాత్రికి మంచు కొడుతుందట. రేడియోలో చెప్పాడు. మీ నాన్నా నేనూ తెల్లారగానే మొత్తం కోసేశాం. ఇదే ఆఖరు." థెల్మా చేతులు తుడుచుకుని, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "నీకో సంగతి తెలుసా? మీ నాన్న బీన్స్ తింటున్నాడు. యాభై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారైనా ముట్టాడా? పళ్ళెం అంచుకి నెట్టేసేవాడు. ఇప్పుడు కొత్త సీసా తనే తెచ్చుకుని, నా కంటే ముందు తనే తింటున్నాడు. నాకో గరిటె పెట్టవయ్యా అంటే ఎల్లుండి అంటాడు, పిసినారి. పోనీలే, ముసలితనంలో నాలుక బాగుపడింది."

ఆవిడ మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో. నదీన్ నవ్వుతూ కాఫీ పోసుకోబోయి పొయ్యి వైపు చూసింది. పొయ్యి మీద పెద్ద గిన్నె, మరిగే నీళ్ళలో ఏడు సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలలాడుతున్నాయి. సీసాల్లో పచ్చగా బీన్స్. ప్రెషర్ కుక్కర్ ఎక్కడా కనబడలేదు.

"అమ్మా, కుక్కరేది?"

"కుక్కరెందుకే? టమాటాలకి కుక్కరెవరు పెడతారు? మరిగే నీళ్ళు చాలు."

"అమ్మా, ఇవి బీన్స్."

థెల్మా గిన్నెలోకి చూసింది. కాసేపు అలాగే చూస్తూ నిలబడింది. "కనబడుతోందిలే," అని విసుక్కుని, పొయ్యి మంట ఇంకాస్త పెంచింది.

ఆ ఊళ్ళో పదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతి అది. పులుపున్న టమాటాలకి మరిగే నీళ్ళు చాలు. బీన్స్‌ని మాత్రం కుక్కర్లో పెట్టకపోతే సీసాలో విషం పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. తనకి ఆ పాఠం నేర్పింది, పొయ్యి దగ్గర స్టూలెక్కించి నేర్పింది, ఈ అమ్మే. నదీన్ చప్పుడు చేయకుండా నేలమాళిగలోకి దిగింది. అరల నిండా బీన్స్ సీసాలు, ఒక్కోదాని మీద అమ్మ చేతిరాతతో తేదీ. లెక్కపెడితే ముప్పై ఒకటి. కుక్కర్ మూలనుంది. దాని మూత మీద దుమ్ము పొరలా పేరుకుంది.

తండ్రి ఆర్మండ్ తోటలో మిరప మొక్కల మీద పాత దుప్పట్లు కప్పుతున్నాడు.

"నాన్నా, అమ్మ ఆ బీన్స్ కుక్కర్లో పెట్టలేదు. ఒక్క సీసా కూడా."

"తెలుసు," అన్నాడు తల ఎత్తకుండా.

"తెలుసా?"

"మూడు వారాలైంది." దుప్పటి కొస మీద రాయి పెట్టి, మెల్లగా నడుం నిలబెట్టాడు. "మొదటిరోజు చెప్పానే. చెబితే ఏమైందో తెలుసా? ఆ సీసాలు పారబోసి, స్టూలు మీద కూర్చుని గంటసేపు చేతులు చూసుకుంది. 'నేనూ మా అమ్మలా అన్నీ మర్చిపోతున్నానా, ఆర్మండ్' అంది. మర్నాటికి ఆ సంగతే మర్చిపోయింది. మళ్ళీ అదే గిన్నె, అవే మరిగే నీళ్ళు. మళ్ళీ చెబితే మళ్ళీ ఆ మొహం చూడాలి. రోజూ చూడలేనే తల్లీ. తోటంతా పోయింది. ఈ బీన్సొక్కటే దక్కాయని మురిసిపోతోంది."

"అయితే ఏం చేశావు?"

"ముందు నేను తింటున్నా. ప్రతి సీసా. రెండు రోజులు చూసుకుని, నాకేమీ కాకపోతే అప్పుడు ఆవిడకి పెడుతున్నా. పోయినసారి అమ్మ నీకిచ్చిన సీసాల పెట్టెలోంచి కూడా బీన్స్ తీసేసి నిరుటి బీట్‌రూట్ సీసాలు పెట్టా. నువ్వు చూసుకోలేదు."

ఎనభై ఏళ్ళ మనిషి, ఏం తెలివి ఇది? ప్రేమ అనాలా, మూర్ఖత్వం అనాలా? నదీన్‌కి కోపమే ముందొచ్చింది.

"పిచ్చెక్కిందా నాన్నా నీకు? రెండు రోజుల్లోనే తెలియాలని ఎక్కడుంది? ఎన్ని సీసాలు తిన్నావు?"

"ఆరు. చివరిది మొన్న."

వెనక మెట్ల మీద జల్లెడ పడిన చప్పుడైంది. థెల్మా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు.

ఆర్మండ్ గబగబా రెండడుగులు వేశాడు. "కుక్కర్ రబ్బరు పోయింది థెల్మా. నేనే వద్దన్నాను. నువ్వు మర్చిపోయావంతే."

"అబద్ధం నీకు చేతకాదు. పెళ్ళికి ముందు నుంచీ చేతకాదు." ఆవిడ గొంతు సన్నగా, నిలకడగా ఉంది. "నువ్వు ఇష్టపడి తింటున్నావనుకున్నా."

ఆయన దుప్పట్ల వైపు చూశాడు.

"నన్ను కాపాడావా నువ్వు? నా చేత్తో నీకు విషం పెట్టించుకుని నన్ను కాపాడావా? రేపు నువ్వు బల్ల దగ్గర పడిపోయుంటే నేనేం కావాలి? ఏమనుకున్నావ్, అది కూడా మర్చిపోతుందిలే అనుకున్నావా?"

ఆర్మండ్ మట్టి చేతులతోనే మొహం కప్పుకున్నాడు. తండ్రి ఏడవడం నదీన్ అంతకుముందు చూడలేదు. థెల్మా దగ్గరికి వెళ్ళి ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది. ఆ తర్వాత ఆ భుజానికే తల ఆనించి భోరుమంది.

నదీన్ ఆసుపత్రికి ఫోన్ చేసింది. నర్సు అన్నీ వివరంగా అడిగింది. ఇద్దరిలో ఎవరికి కనురెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా, వస్తువులు రెండుగా కనబడినా ఆ క్షణమే తీసుకురమ్మంది. ఇంకో పది రోజులు గడిచేదాకా ఏమీ చెప్పలేమంది. థెల్మా పక్కనే నిలబడి అన్నీ కాగితం మీద రాసుకుంది, తన మీద తనకి నమ్మకం లేదు కనుక.

మధ్యాహ్నమంతా సీసాలు పైకి మోశారు. ఎవరినీ సాయం రానివ్వకుండా, సీసాకో సారి చొప్పున థెల్మాయే మెట్లెక్కి దిగింది. నదీన్ చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని ఒక్కోదాన్నీ మందపాటి సంచుల్లో కట్టింది. పొయ్యి మీది ఏడింటినీ కూడా వదల్లేదు. వేసవంతా పడ్డ చాకిరీ సాయంత్రానికి చెత్త లారీ కోసం గేటు దగ్గర చేరింది.

"నదీన్," అంది థెల్మా ఆఖరి సంచి దగ్గర. "ఇక మీదట నేను తప్పు చేస్తే మొహం మీదే చెప్పాలి. ఏడిస్తే ఏడుస్తాను. నాన్న వల్ల కాదు, మెత్తని మనిషి. నువ్వు చెప్పాలి."

"చెబుతానమ్మా."

ఒప్పుకోవడానికేం, నోటి మాటే కదా.

రాత్రి మంచు కొట్టింది. తెల్లారేసరికి దుప్పట్ల కింది మిరప మొక్కలతో సహా అన్నీ నల్లగా వాలిపోయి ఉన్నాయి. ఆర్మండ్ బల్ల దగ్గర కూర్చుని పేపరు పైకి చదువుతున్నాడు. చదవమన్నది థెల్మాయే, మాట తేడా వస్తుందేమో వినడానికి. మాట బాగానే ఉంది. ఇంకా తొమ్మిది రోజులు వినాలి.

థెల్మా ఓట్స్ జావ కలుపుతూ చెంచాడు ఉప్పు వేసింది. కలిపింది. కిటికీలోంచి తోట వైపు చూసింది. మళ్ళీ ఉప్పు డబ్బా అందుకుంది.

నదీన్ చూసింది. ఆర్మండ్ కూడా చూశాడు. ఆయన కళ్ళు కూతుర్ని బతిమాలాయి. ఉప్పే కదా, తినేద్దాం, పోనీయమన్నాయి. నదీన్‌కి ఒక్క క్షణం అదే సుఖమనిపించింది. మూడు వారాలు ఈయన ఎలా ఊరుకున్నాడో అప్పుడర్థమైంది. ఊరుకోవడానికి ఏమీ చేయక్కర్లేదు. అమ్మ మొహం కళకళలాడుతూనే ఉంటుంది.

"అమ్మా, ఉప్పు ఇందాకే వేశావు."

థెల్మా చెయ్యి గాల్లో ఆగింది. చాలాసేపు అటు తిరిగే ఉంది. ఆర్మండ్ లేవబోతే నదీన్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆవిడ ఉప్పు డబ్బా తెచ్చి కూతురి ముందు పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"బాగా చెప్పావు," అంది. "ఏవయ్యా, నువ్వు చదువు. ఎందుకాపావు?"