‘ఆగండి’ అన్న అమ్మాయి

ప్లాస్టిక్ బొమ్మ ముందు పరువు పోవడమంటే మామూలు విషయమా!

డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఒకే గదిలో కూర్చుని, రోగికి హాని జరగకుండా పనిచేయడాన్ని విద్యార్థులకు ఎలా నేర్పాలో నేర్చుకునే ఐదు రోజుల శిక్షణ అది. మొదటిరోజే మన కుర్ర డాక్టరు, మంచం మీద రోగిగా పడుకోబెట్టిన బొమ్మకి ఠపీమని ఒక ఇంజెక్షన్ ఇమ్మని చెప్పేశాడు.

"ఆగండి," అంది పక్కనున్న నర్సు టీచరు.

"వినపడలేదా?" అని విసుక్కున్నాడు.

"శుభ్రంగా వినపడింది, అందుకే ఆపాను. ఈయన చేతి పట్టీ చూశారా? ఆ మందు పడదని రాసుంది."

గది గొల్లుమంది. డాక్టరు మొహం కందగడ్డ అయింది.

"బొమ్మే కదండీ, చచ్చిపోదు లెండి!"

"బొమ్మ కాబట్టి మీరు బతికిపోయారు."

మూడు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. ఉన్నాడే గానీ చూపు ఊరుకుంటేగా! పేరున్న సర్జన్‌ని కూడా ఆమె అదే గొంతుతో ఆపేది. ఎవరేం చెప్పినా శ్రద్ధగా విని, తిరిగి అప్పజెప్పి, "సరిగ్గా విన్నానా?" అని అడిగేది. ఆ పద్ధతికి మనవాడు ఫ్లాట్.

చివరిరోజు ఇద్దరిద్దరుగా పాఠం చెప్పాలి. చీటీల్లో వీళ్ళిద్దరూ ఒక జట్టయ్యారు. పాఠం, ‘నేను చేసిన తప్పు’. వెనక వరసలో అతని ప్రొఫెసర్. ఆయన ఊ అంటేనే ఇతనికి టీచరు ఉద్యోగం. చిన్న తప్పేదో చెప్పి గట్టెక్కుదామనుకున్నాడు గానీ, ఆమె పక్కన నిలబడి దాటేయడానికి మనసొప్పలేదు.

"పట్టీ చూడకపోవడం ఒక తప్పు. ఆపినందుకు ఈవిడ మీద విసుక్కున్నాను చూడండి, అది ఇంకా పెద్ద తప్పు. నేనిలా విసుక్కుంటే రేపు ఇంకో నర్సు నోరు మూసుకుంటుంది. అప్పుడు మంచం మీద ఉండేది బొమ్మ కాదు."

ఆమె గొంతు సవరించుకుంది. "ఒకసారి నేనూ నోరు మూసుకున్నాను, డాక్టరుగారు కసిరారని. ఆ తప్పు మందుతో ఒక పెద్దాయన మూడు వారాలు నరకం చూశారు. ఎలాగో బతికారు. అప్పటినుంచే నాకీ ‘ఆగండి’ అలవాటైంది."

ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు. "నా క్లాసుకి పాఠం చెప్పడానికి వీళ్ళిద్దరూ కావాలి," అన్నాడు.

బయట వర్షం. వరండాలో డాక్టరు గబగబా ఆమె దగ్గరికొచ్చాడు.

"ఒక మాట చెప్తాను, మధ్యలో ఆపకండి."

"తప్పయితే ఆపుతాను."

"మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుందామా? మా అమ్మకి ఫోన్లో చెప్పేశాను కూడా."

ఆమె గొడుగు తెరవబోయి ఊరుకుంది. "నేనంటే మీకిష్టం. పెళ్ళి చేసుకుందామంటున్నారు. నాకంటే ముందు మీ అమ్మగారికి చెప్పారు. సరిగ్గా విన్నానా?"

"సరిగ్గానే విన్నారు. ఇప్పుడు ‘ఆగండి’ అంటారా?"

ఆమె గొడుగు తెరిచి అతని తల మీదికి జరిపింది.

"పదండి," అంది.