పొట్ట కింద మరక

నరసన్నపేట బైపాస్ దగ్గర ధనరాజు బండిని గుద్దిన లారీకి నంబరు ప్లేటు లేదు. గుద్ది, ఆగకుండా పోయింది. పట్టపగలు, టీ బడ్డీ దగ్గర జనం చూస్తుండగానే. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. పోయినవాడు బీమా ఏజెంటు కాదనీ, నౌకాదళ ఇంటెలిజెన్స్ మనిషనీ వాళ్ళకు తెలియదు.

మర్నాడు ఉదయం శ్రీకాకుళంలో ఎరువుల కంపెనీ బోర్డున్న ఒక ఆఫీసు పై అంతస్తులో నాగబాబుకి ఆ కబురు చెప్పింది సెక్షన్ చీఫ్ అనూరాధ. ధనరాజు, నాగబాబు ఒకే బ్యాచ్. ఆవిడ ల్యాప్‌టాప్ తెర అతనివైపు తిప్పింది.

"ధనరాజు ఫోన్లో ఆఖరి ఫోటో. ఏమిటిది?"

విమానం పొట్ట. ఉప్పుగాలికి వెలిసిన బూడిదరంగు, ఇంజన్ వెనక మసి, మరల చుట్టూ లేచిపోయిన పెయింటు. ఒక మూత దగ్గర మొదలై వెనక్కి సాగిన గోధుమరంగు నూనె మరక.

"మన గస్తీ విమానం. బేస్ లోపల ఎవరో తీశారు."

"బేస్ వాళ్ళూ అదే అనుకుని గేట్లు మూసి అందర్నీ సోదా చేస్తున్నారు. రెక్క చివర చూడు."

జూమ్ చేసింది. రెక్క మీద నల్లటి తాడొకటి అడ్డంగా పడి ఉంది. నాగబాబు కళ్ళు చిట్లించాడు. తాడు కాదు. మనిషి తల వెంట్రుక.

"మోడల్!"

"స్కేల్ మోడల్. రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. కానీ ఆ మరక మాత్రం నిజం. ఆ మూత వెనక ఉన్నది ప్రాజెక్ట్ తంగేడు. సబ్‌మెరైన్లను పసిగట్టే కొత్త సెన్సర్. మరక ఎక్కడ మొదలైందో, ఎటు సాగిందో చూస్తే మూత ఎక్కడ ఉంది, గాల్లో ఏ కోణంలో తెరుచుకుంటుంది అన్నది ఏ ఇంజనీరైనా చెప్పేస్తాడు. అది తెలిస్తే దాని కళ్ళు కప్పడం తేలిక. ఆ తర్వాత సముద్రం మీద మనవాళ్ళు గుడ్డిగా తిరగాల్సిందే." ఆవిడ తెర మీద ఆ మరకని వేలితో తట్టింది. "ఇది ఎవరి చేతి పనో చెప్పగలవా?"

మోడల్ అని తెలిసిన మరుక్షణమే నాగబాబుకి తెలిసిపోయింది.

"మా మావ. ఎర్రన్న."

"అందుకే నిన్ను పిలిచాను."

ఎర్రన్న అతనికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. వేటకెళ్ళిన తండ్రి పడవ తిరిగి రాకపోతే నాగబాబుని పెంచింది ఆయనే. నౌకాదళంలో విమానాల మెకానిక్‌గా చేసి రిటైరై, పెయింటింగ్ కాంట్రాక్టు పనులకు ఈమధ్య దాకా బేస్‌కి వెళ్ళొస్తూనే ఉన్నాడు. విజయనగరంలో ఇంటినిండా మోడల్సే. లోపలి కోటు మీద హెయిర్ స్ప్రే కొట్టి, పైన రంగు వేసి, తడి బ్రష్షుతో రుద్ది పాత విమానంలా పొరలు లేపడం నాగబాబు చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకున్నాడు. "కొత్తగా మెరిసేది బొమ్మరా. మరక పడితేనే ఇమానం," అనేవాడు ఎర్రన్న.

"ఇవాళ విజయనగరంలో మోడల్స్ ఎగ్జిబిషన్ ఆఖరి రోజు," అంది అనూరాధ. "రేమండ్ అని, మోడల్స్ కొని దాచుకునే విదేశీయుడు సాయంత్రం ఆ మోడల్ తీసుకుని వెళ్ళిపోతాడు. పొట్ట కిందికి ఉంది కాబట్టి అతనింకా చూడలేదు. అతని మేనేజర్ షాలిని. ఆమె మన మనిషి. నిన్న ధనరాజు కలవడానికి బయల్దేరింది ఆమెనే."

"మన మనిషేనా?"

"వాళ్ళూ అలాగే అనుకుంటున్నారు."

"ధనరాజు ఆ దారిన వస్తాడని ఆమెకి తప్ప ఎవరికి తెలుసు మేడమ్?"

అనూరాధ ల్యాప్‌టాప్ మూసేసింది.

"మోడల్‌ని సీజ్ చేసేద్దాం," అన్నాడు నాగబాబు.

"చేస్తే ఆ మరక నిజమని మనమే ఒప్పుకున్నట్టు. అది వెళ్ళాలి. అబద్ధం మోసుకుని వెళ్ళాలి." ఆవిడ ఒక పెన్ను అందించింది. "ఇందులో సిరా లేదు, రంగు చిమ్ముతుంది. ఎయిర్‌బ్రష్. నీ చెయ్యి చాలదు, ఆయన చేతే చేయించు."

"మావ ఒప్పుకోకపోతే?"

"ఆయన అమాయకుడు కాదని అర్థం. అప్పుడేం చెయ్యాలో నీకు తెలుసు."

విజయనగరం బస్సులో నాగబాబు కిటికీ పక్కన కూర్చున్నాడు. భార్య తులసి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మీ నాన్నని అరెస్ట్ చెయ్యడానికి వెళ్తున్నానేమో అని ఏ నోటితో చెబుతాడు?

కోట దగ్గర కాలేజీ హాల్లో ఎగ్జిబిషన్. మైక్ సెట్టు మనిషి వేషంలో, పెట్టుడు గడ్డంతో, భుజాన వైర్ల చుట్టతో లోపలికి వెళ్ళాడు. జనం భోజనాలకు లేచారు. నెమలిరంగు చీరలో, నెత్తి మీదకు తోసిన గాగుల్స్‌తో ఒకామె ఎదురొచ్చింది. మిగిలిన కొద్దిమందీ ఒకసారి ఆమెవైపు చూసి మళ్ళీ విమానాల మీదకు చూపు తిప్పుకున్నారు.

"ఇక్కడ ఉప్పుగాలి ఎక్కువండి," అని గుర్తుమాట అన్నాడు నాగబాబు.

"కళింగపట్నంలో ఇంకా ఎక్కువ." షాలిని అతని అరచేతిలో గాజుపెట్టె తాళం పెట్టింది. "రేమండ్ భోంచేసి వచ్చేస్తాడు. గుమ్మంలో తెల్లచొక్కా అతని మనిషే. వాణ్ణి నేను మాటల్లో పెడతాను. తొందరగా."

ఆమె కళ్ళలో ఏముందో అతనికి అంతుపట్టలేదు.

గాజుపెట్టె పక్కన స్టూలు మీద ఎర్రన్న కూర్చుని ఉన్నాడు. గడ్డం చూసి రెప్ప కూడా వెయ్యలేదు.

"ఒరే నాగబాబూ! ఆ గెడ్డమేటిరా? నా కూతురు నిన్నొగ్గేసిందేటి?"

"మెల్లగా మావా!" నాగబాబు పక్కన కూలబడి సంగతంతా గుసగుసగా చెప్పాడు. మూత, మరక, రేమండ్, ధనరాజు చావు.

ఎర్రన్న మొహం పాలిపోయింది. "ఆ మరక రహస్యమని నాకెవుడు సెప్పేడురా? నూనె కారింది, సూసేను, గీసేను. అంతే."

"తెలుసు మావా. ఇప్పుడు దాన్ని మార్చాలి. మరక ఇంకోచోట ఉండాలి."

"అబద్ధం పుయ్యమంటావు."

"అవును."

"నా సేత్తో నానే. సూడు, దీనికి నా కళ్ళు అరిగిపోనాయి. ఒక్క గీత తప్పు లేదు. నాను సచ్చిపోయినా ఇది నిజం సెప్తాదనుకున్నాను."

"నిజం చెబుతోంది కాబట్టే ధనరాజు పోయాడు మావా. ఆ విమానాల్లో ఎగిరేవాళ్ళు నీకు తెలిసిన పిల్లలే కదా?"

ఎర్రన్న గాజు మీద అరచెయ్యి పెట్టాడు. నాగబాబు చెయ్యి జేబులో ఉంది. ఆ జేబులో బేడీలున్నాయి.

"పెట్టె తియ్యి," అన్నాడు ఎర్రన్న.

విమానాన్ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టాడు. పెన్ను అందుకుని పాత మరక మీద చదరంగా బూడిదరంగు పొర కొట్టాడు. కాస్త తేడా రంగు. "బేస్‌లో తుప్పు పట్టినకాడ ఇలాగే అతుకేస్తాం. అనుమానం రాదు." తోకకు దగ్గర్లో ఇంకో మూత ఎంచుకున్నాడు. తన సంచిలోంచి తీసిన స్పాంజి ముక్కతో దాని మరల చుట్టూ లోపలి కోటు రంగు అద్దాడు. "మూత ఊరికే తీసి పెడతంటే ఇక్కడ రంగు లేస్తాది. ఇది లేకుండా మరకొక్కటీ పెడితే దొంగ మరకని తెలిసిపోతాది." తర్వాత గోధుమరంగు ఆయిల్ చుక్క పెట్టి, టర్పెంటైన్‌లో ముంచిన బ్రష్షుతో వెనక్కి లాగాడు. ఒకసారి. ఇంకోసారి. అబద్ధం కళ్ళెదుటే నిజమైంది. ఆయన చెమ్మగిల్లిన కళ్ళు మాత్రం తుడుచుకోలేదు.

పెట్టె మూసి నాగబాబు వైర్ల దగ్గరకు జరిగాడో లేదో రేమండ్ లోపలికి వచ్చాడు. పొడుగాటి మనిషి, మొహాన చిరునవ్వు. వెనకే షాలిని, తెల్లచొక్కా. రేమండ్ మోడల్ని తీయించి, భూతద్దం కంటికి పెట్టుకుని పొట్ట వెతికాడు. అతుకు దాటాడు. తోక దగ్గర ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు.

టర్పెంటైన్ వాసన.

బొటనవేలితో మరకను తాకాడు. వేలికి గోధుమరంగు అంటింది. చిరునవ్వు మాయమైంది. "తడిగా ఉంది. ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగాడు, ఎర్రన్నని కాదు, షాలినిని. తెల్లచొక్కా చెయ్యి చొక్కా కిందకు పోయింది.

షాలిని చూపు రేమండ్ మీంచి ఎర్రన్న మీదకు, అక్కణ్ణుంచి నాగబాబు మీదకు వచ్చింది. ఒక్క మాట చాలు, ఆ హాల్లోంచి మామా అల్లుళ్ళు ప్రాణాలతో బయటపడరు. నాగబాబు నడుము దగ్గరి పిస్టల్ మీద చెయ్యి వేశాడు.

"ఓరి నీ సెయ్యిరగ!" ఎర్రన్న అరిచాడు. "తడి మీద ఏలెట్టేస్తావేటిరా? ఇది ఇమానమా, మీ ఇంటి గోడా?"

ఆ కోపం నటన కాదు.

షాలిని నవ్వింది. "జడ్జిలు వచ్చే ముందు అందరూ ఆఖరిసారి టచప్ చేసుకుంటారు రేమండ్. ఆరకముందే నువ్వు పాడు చేశావని ఆయన తిడుతున్నాడు. నువ్వు సారీ చెప్పాలి."

రేమండ్ భూతద్దంతో మళ్ళీ చూశాడు. మరల చుట్టూ లేచిన రంగు చూశాడు. తెల్లచొక్కా చెయ్యి బయటకు వచ్చింది.

"సారీ సర్," అన్నాడు రేమండ్.

సాయంత్రం మోడల్ పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయింది. అనూరాధ ఆదేశం ప్రకారం ఎవరూ ఆపలేదు. లారీ డ్రైవర్‌నీ, తెల్లచొక్కానీ వారం తిరక్కముందే వేరే కేసులో పట్టుకున్నారు.

ఆ సాయంత్రమే హాలు మెట్ల మీద షాలిని నాగబాబు పక్కన నిలబడింది. గాగుల్స్ పెట్టుకుంది, ఎండ లేకపోయినా.

"ధనరాజు వస్తన్నాడని వాళ్ళకి సెప్పింది నానే," అంది. పాతపట్నం యాస ఒక్కసారిగా బయటపడింది. "ఏదో ఒకటి సెప్పకపోతే నన్ను నమ్మరు. వెనకాల పడతారనుకున్నాను. సంపేస్తారనుకోలేదు." అతనేమైనా అంటాడేమోనని చూసింది. క్షమించడానికి అతనెవరు? ఆమె కారెక్కి, రేమండ్ వెళ్ళిన దారినే వెళ్ళింది.

ఎర్రన్న ఆ తర్వాత బ్రష్షు పట్టుకోలేదు. నాగబాబుతో మాట్లాడతాడు గానీ విమానాల ఊసు ఎత్తడు. అవతలివాళ్ళు సెన్సర్ కోసం తోక దగ్గరే వెతుక్కుంటున్నారని కొన్నాళ్ళకు రిపోర్టు వచ్చింది. అనూరాధ అందరికీ కాఫీ తెప్పించింది.

అదే రోజు నాగబాబుకి కొత్త అసైన్‌మెంట్ ఇచ్చారు. ఆ ఎగ్జిబిషన్‌లో జడ్జిగా ఎర్రన్నకు మూడో బహుమతి ఇచ్చి, "తోక దగ్గర మరక అసహజం, నిజమైన విమానంలో అక్కడ కారదు" అని రాసిన ఫిజిక్స్ లెక్చరర్‌కి ఆ సంగతి ఎలా తెలిసిందో కనిపెట్టమని.