దండ కింది ఫోటో

గౌలిపురలో ఆండాలు పాలకొట్టు ఎవరినడిగినా చూపిస్తారు. దాని మీది గదిలో ఆమె కూతురు అమల కంప్యూటర్ పెట్టుకుందని మాత్రం 2003లో సగం గల్లీకి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా టైపింగ్ నేర్పుతుంది కాబోలు అనుకునేవారు. అమల చేసేది వేరే పని. బొమ్మలూ పాటలూ కలిపి, మౌస్‌తో నొక్కితే తెర మీద బొమ్మ కదిలే సీడీలు తయారు చేసేది.

జహనుమాలో ఉండే రిటైర్డ్ ఉద్యోగి జగన్నాథరావు భార్య నాగమణి పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చే బంధువులకు ఆమె జ్ఞాపకాల సీడీ పంచాలని ఆయన ఆశ. తెర మీద దీపాన్ని నొక్కితే వెలగాలి, వెంటనే ఫోటోకు దండ పడాలి. అంతే ఆయన అడిగింది.

అమల పద్ధతి గల మనిషి. తెర మీదికొచ్చే ప్రతి బొమ్మకూ కోడ్‌లో ఒక అంకె ఇస్తుంది. గోడ ఒకటి, ఫోటో రెండు, దండ మూడు, దీపం నాలుగు. ఒక అంకెలో ఒక్కరికే చోటు. అదే అంకెలోకి కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళు తప్పుకోవాల్సిందే.

పెద్దాయన వారం దాకా ఫోటో తేలేదు. పని ఆగకూడదని, కొలత సరిపోయిందని, రెండో అంకెలో తన తల్లి ఫోటో పెట్టేసింది అమల. బతికున్న మనిషి ఫోటోకు దండ వేయకూడదని ఆమెకు తెలియక కాదు. ఇంటి గోడ మీద అయితే చచ్చినా వేయదు. కంప్యూటర్లో డమ్మీకి ఏం పట్టింపులే అనుకుంది. దీపం సరిగ్గా వెలుగుతోందో లేదో చూడడానికి ఆ వారంలో తల్లికి ఎన్నిసార్లు దండ వేసిందో ఆమెకే తెలియదు.

ఆండాలుకు దగ్గు పట్టుకున్నదీ ఆ వారంలోనే.

ఆ సాయంత్రం నాలుగింటికే మబ్బు కమ్మింది. జగన్నాథరావు మెట్లెక్కి వచ్చి, గొడుగు తలుపు వెనక తగిలించి, సంచిలోంచి ఫోటో తీశాడు.

"ఆలస్యమైంది, ఏమనుకోకమ్మా. ఆవిడ నవ్వుతున్న ఫోటో ఇదొక్కటే." అంటూ ఫోటో బల్ల మీద పెట్టాడు. "మబ్బు పడితే చాలు, 'గొడుగు తీసుకున్నారా అండీ' అంటూ వీధి చివరిదాకా వచ్చేది."

ఆయన వెళ్ళాక అమల ఆ ఫోటో ఎక్కించి, రెండో అంకెలో పెట్టి, దీపం నొక్కింది.

దీపం వెలిగింది. దండ పడింది. దండ కింద... ఆండాలు.

ఏదో పొరపాటు అనుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ నొక్కింది. ఆండాలే. కింద కొట్టులో పొడి దగ్గు వినిపించింది.

"అమ్మా, గోలీ ఏస్కున్నవా?" మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది.

"ఏస్కున్న బిడ్డా... మెడ మీద ఏందో బరువు పెట్టినట్టున్నది."

అమల తిరిగొచ్చి, రెండో అంకెలో ఎవరున్నారో చెప్పమని కోడ్‌ను అడిగింది. నాగమణి అని జవాబు వచ్చింది. తెర మీద మాత్రం తల్లి ముఖం. గదిలో వాడిన బంతిపూల వాసన... కిటికీ మూసే ఉంది.

కింద దగ్గు ఆగడం లేదు. ఊపిరి అందనట్టు... తెరలు తెరలుగా.

తన చేతులతోనే వేసింది దండ. తనే తీయాలి. తల్లి ఫోటోను కోడ్‌లోంచి తీసేసింది. ఫోల్డర్‌లోంచీ తీసేసింది. ఇంకెక్కడా మిగలకూడదు.

"పో అమ్మా..." గుసగుసగా అంది తెరతో. "ఆడ ఉండకు... పో."

దీపం నొక్కింది. దండ కింద నాగమణి ప్రత్యక్షమైంది. చక్కగా నవ్వుతోంది.

కింద దగ్గు ఆగిపోయింది.

అమలకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. కంప్యూటర్ ఆపేసి, మెయిన్ స్విచ్ కూడా కట్టేసి, రెండేసి మెట్లు దిగుతూ కిందికొచ్చింది. బయట వాన మొదలైంది. ఆండాలు గల్లా దగ్గర వీపు తిప్పి, వీధిలోకి చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, ఇప్పుడెట్లున్నది?"

ఆమె మెల్లగా తిరిగింది. తల్లి ముఖమే. మొహం నిండా కంగారు.

"చూడమ్మాయ్, మావారు గొడుగు మర్చిపోయి వెళ్ళారు. పైన మీ తలుపు వెనకే ఉంది. కాస్త పరుగెత్తి ఇచ్చి రాకూడదూ?"

మోకాళ్ళ నొప్పితో ఆండాలు ఆ మెట్లెక్కి రెండేళ్ళయింది. అమలను ఆమె ఏనాడూ అమ్మాయ్ అని పిలిచింది లేదు.

"అమ్మా..." అంది అమల.

అప్పుడు... పైన, ఎవరూ లేని గదిలోంచి, పొడి దగ్గు వినిపించింది.