వంగే యాంటెన్నా

అమలాపురం గడియారస్తంభం వెనక సందులో శ్రీవాణి కొట్టు. టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తుంది. రెండువేల ఏడు కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, అద్దాల బల్ల మీద మూడు రకాల యాంటెన్నాలు పరుచుకుని కూర్చుంది. ఒకటి స్టీలు పుల్ల. ఒకటి రాగితీగ చుట్ట. మూడోది పెన్ను పొడవున, నల్ల రబ్బరు తొడుగు వేసినది. దాన్ని వేలికి చుట్టి వదిలింది. టప్పున నిటారుగా నిలబడింది.

ఇదే, అనుకుంది.

రాజోలు దిగువన ఆమె మేనమామ ముత్యాలరాజుకి రొయ్యల చెరువుంది. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా ఒక్క పూటలో చచ్చి తేలుతుంది. అది ముందే కనిపెట్టడానికి చెరువులో వెదురు గెడలు పాతి, వాటికి చిన్న వైర్‌లెస్ పెట్టెలు కట్టింది. పెన్సిల్ సెల్సు మీద నెలల తరబడి నడుస్తాయి. అంత కొద్ది కరెంటుతో కబురు కొబ్బరితోటలు దాటి ఊళ్ళో మావయ్య ఇంటిదాకా రావాలంటే భారమంతా యాంటెన్నాదే. రాగి చుట్టలు ఉప్పుగాలికి చిలుం పట్టి మూగబోయాయి. స్టీలు పుల్లలు వారం తిరక్కుండా విరిగాయి. కొంగలు వాలి విరిచాయన్నాడు మావయ్య. కొంగ వాలితే పుల్ల వంగుతుంది. ఇవి తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉన్నాయి. తనని తరిమెయ్యడానికి ఆయనే విరిచాడేమోనని శ్రీవాణికి లోపల్లోపల అనుమానం.

ఆ సాయంత్రం ముసురు. చెరువు గట్టు మీది షెడ్డులో ముత్యాలరాజు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మళ్ళీ వచ్చేవా? మీ అమ్మ ఏడవబట్టి ఒప్పుకున్నానే గానీ, నాకీ పుల్లలతో పనేంటి?"

"ఈసారి విరగవండి మావయ్యా. ఎటు వంచినా లేచి నిలబడతాయి."

ఏటిగట్టు వైపు ఒక గెడ, నడిమధ్య ఒకటి, షెడ్డు ముందు ఒకటి. మూడింటికీ కొత్త యాంటెన్నాలు బిగించి వచ్చింది. ముందు పరీక్షకని షెడ్డులో బల్ల మీద పెట్టిన రిసీవరుకీ అలాంటిదే తగిలించింది. దాని మీద ఒక్కో గెడ సిగ్నల్ బలం చూపే మూడు అంకెలు వెలిగాయి. మూడూ తొంభై దగ్గర నిలిచాయి. కూలీలకి వండిపెట్టే గంగాదేవిని పిలిచి షెడ్డు ముందు గెడ పక్కన నిలబడమంది. తొంభై కాస్తా నలభైకి పడింది.

"మనిషి ఒంట్లో సగానికి పైన నీళ్ళేనండి. పక్కన నిలబడితే సిగ్నల్ని తాగేస్తుంది," అంది శ్రీవాణి. రిసీవరు యాంటెన్నాని పిడికిట్లో పట్టుకుంది. మూడు అంకెలూ ఒక్కసారే కిందికి జారాయి. "చేత్తో పట్టుకుంటే ఇంకా ఎక్కువ."

"ఈసారీ విరిగిందో," అన్నాడు ముత్యాలరాజు, "పెట్టెలన్నీ ఏట్లో పారేస్తాను. నిన్ను ఈ గట్టు తొక్కనివ్వను."

గంగాదేవి గిన్నెలు కడుక్కుని వెళ్ళిపోయింది. వెలుతురు సన్నగిల్లింది. చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. గాలి ఆగింది. చెరువు ఎండగట్టినప్పుడు వచ్చే నల్లబురద వాసన మెల్లిగా షెడ్డులోకి పాకింది. చెరువు నిండా నీళ్ళున్నాయి. ఆ వాసన ఎక్కడిదో…

ఏటిగట్టు అంకె పడింది. నలభై.

శ్రీవాణి తలెత్తి చూసింది. ఆ గెడ దగ్గర ఎవరూ లేరు. యాంటెన్నా మాత్రం నీళ్ళకేసి వంగి ఉంది. చూస్తుండగానే మెల్లిగా లేచి నిలబడింది. అంకె తొంభైకి వచ్చింది.

కాసేపటికి… నడిమి అంకె పడింది.

"మావయ్యా," అంది శ్రీవాణి, "చెరువులో ఎవరో నడుస్తున్నారండి."

"రొయ్యల దొంగే!" ముత్యాలరాజు కర్ర, టార్చి అందుకున్నాడు. "ఇవాళ వీడి పని చెప్తాను."

"వెళ్ళకండి. ఎవరూ కనపడట్లేదు…"

"నోరు ముయ్యి."

పంచె ఎగ్గట్టి దిగాడు. బూతులు తిడుతూ ఛాతీలోతు నీళ్ళలో నడిమి గెడ దాకా వెళ్ళాడు. టార్చి వెలుగు నీళ్ళ మీద ఇటూ అటూ తిరిగింది. నలభై ఉన్న అంకె ఇరవైకి దిగింది.

ఒక మనిషికి నలభై. ఇరవై ఉందంటే…

"మావయ్యా! మీ పక్కన…"

టార్చి ఆరిపోయింది. తిట్లు ఆగిపోయాయి. ఏదో నీళ్ళలో ఒక్కసారి కొట్టుకుంది. తర్వాత ఏరేటర్ల చప్పుడే.

షెడ్డు మెట్ల మీద అడుగుల చప్పుడు. ముత్యాలరాజు షెడ్డులోకి వచ్చాడు. శ్రీవాణికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఎవరండీ అక్కడ?"

"ఎవరూ లేరండి," అన్నాడాయన నెమ్మదిగా. "మీరు కూర్చోండి."

పుట్టి బుద్ధెరిగాక మావయ్య ఆమెని మీరు అనలేదు.

శ్రీవాణి చూపు రిసీవరు మీదికి పోయింది. నడిమి గెడ అంకె నలభై దగ్గర ఉంది. అక్కడ ఒక మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు.

ఆయన వచ్చి బల్ల పక్కన ఆగాడు. నల్లబురద వాసన గుప్పుమంది. ఆమె ఏం చూస్తోందో కనిపెట్టినట్టు, చెయ్యి చాచి రిసీవరు యాంటెన్నాని పిడికిట్లో పట్టుకున్నాడు. గట్టిగా.

ఒక్క అంకె కూడా కదల్లేదు.

"బాగుందండి," అన్నాడు. "వంగుతోంది."

అప్పుడు నడిమి అంకె లేవడం మొదలెట్టింది. నలభై ఐదు… అరవై… ఎనభై… తొంభై. గెడ పక్కన ఇప్పుడు ఎవరూ లేరు.

శ్రీవాణి ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు. గట్టు మీద రెండుసార్లు పడింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. గంగాదేవి ఇంటి దగ్గర అరిచి జనాన్ని పోగేసి, లైట్లతో వెనక్కి తీసుకొచ్చింది. షెడ్డులో ముత్యాలరాజు కుర్చీలో కూర్చుని అందర్నీ పేరుపేరునా పలకరించాడు. ఆమెకేసి మాత్రం చూడలేదు.

"చెరువులో వల వెయ్యండి. మావయ్య అందులో ఉన్నారు," అని బతిమాలింది.

"రాజుగారు ఎదురుగానే ఉన్నారు కదండీ. ఎవరి కోసం వెయ్యమంటారు?" అన్నారు వాళ్ళు. ఒకరిద్దరు నవ్వారు. తల్లి కూడా నమ్మలేదు. బతికున్న తమ్ముణ్ణి పోయాడందని మూడు రోజులు మాట్లాడలేదు.

శ్రీవాణి మళ్ళీ రాజోలు వైపు వెళ్ళలేదు. ఆ ఏడు అందరి చెరువులూ దెబ్బతిన్నాయి. ముత్యాలరాజు చెరువు ఒక్కటే విరగపండిందని విన్నది.

మాఘమాసంలో ఒక పొద్దున కొట్టు తెరుస్తుంటే ఫోను మోగింది. గంగాదేవి.

"రాజుగారు బాగానే ఉన్నారండి. మునపట్లా తిట్టట్లేదు కూడానండి. ఊళ్ళో అందర్నీ మీరు, మీరు అంటున్నారు." గొంతు తగ్గించింది. "మీ గురించే అడుగుతున్నారండి రోజూ. ఆ వేళ షెడ్డులో తన ముందు కూర్చున్న అమ్మాయి ఎవరు, పేరేంటి, ఏ ఊరని. అందరి పేర్లూ తెలుసండి. మీది ఒక్కటే తెలీదంటున్నారు. గట్టు మీద ఎవరూ పిలవగా వినలేదంటండి."

శ్రీవాణి తెరుస్తున్న తలుపు వదిలేసింది.

"చెప్పకు గంగాదేవీ. ఏం అడిగినా చెప్పకు. విన్నావా?"

అవతల ఏరేటర్ల చప్పుడు వినిపించింది.

"గంగాదేవీ… చెప్పావా?"

"ఆయ్, చెప్పేనండి," అంది గంగాదేవి.