నడక గిన్నెలో పుట్నాలు

దేవిక మొట్టమొదటిసారి ప్రాణేశ్‌తో మాట్లాడింది పోట్లాడడానికే.

రాయచూరు గంజ్‌లో ఒక పత్తి దుకాణం మీది మేడగదిలో రైతుల కంపెనీ ఆఫీసు. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు బల్లలు, ఆరు కుర్చీలు, వానొస్తే కారే ఒక కిటికీ, అంతే. ప్రాణేశ్ అక్కడ లెక్కలు చూడడానికి కొత్తగా చేరాడు. కంపెనీ పెట్టబోయే కందిపప్పు మిల్లు ఏ ఊళ్ళో పెట్టాలో తేల్చాలని అధ్యక్షుడు ఉరుకుందప్ప అంటే, ఉత్సాహం కొద్దీ ల్యాప్‌టాప్‌లో రంగురంగుల పట్టిక ఒకటి చేసుకొచ్చాడు. రోడ్డుకు ఇంత శాతం, కరెంటుకు ఇంత, కందుల దిగుబడికి ఇంత. కింద మొత్తం సరిగ్గా వంద. తన పనికి తనే మురిసిపోతూ అందరికీ చూపించాడు.

ఊళ్ళు తిరిగి రైతులతో పని చూసే దేవిక, తడిసిన గొడుగు మూలన పెట్టి వచ్చి పట్టికను పైనుంచి కిందికి చదివింది.

"సార్, ఈ నంబర్లు ఎవర్ని అడిగి పెట్టిండ్రు?"

"అంటే... స్టాండర్డ్‌గా గిట్లనే పెడతరు మేడం."

"స్టాండర్డ్ అంటే ఎవరు? ఆయన వచ్చి మన మిల్లుల పని చేస్తడా?"

ఉరుకుందప్ప పకపకా నవ్వాడు. ప్రాణేశ్‌కు చెవులు వేడెక్కాయి.

"పప్పు ఏరేది, ఆరబోసేది, సంచులు కుట్టేది అంత ఆడోళ్ళే గద సార్. వాళ్ళు ఇంటి కాడ నుంచి మిల్లు దాంక నడిచే దూరం మీ పట్టికల యాడుంది?"

ఎక్కడా లేదు. వెతుకుతున్నట్టు నటించాడు గాని లేదని అతనికీ తెలుసు. చదువుకున్నవాడినని విర్రవీగినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, నుదుటి మీద వాన చినుకు తుడుచుకోవడం మరిచి తనను నిలదీస్తున్న ఆ పిల్ల ఎంత బాగుందోనని కూడా అనిపించింది. అక్కడితో అతని పని అయిపోయింది.

"మరి ఎట్ల చేద్దామంటవమ్మా?" అంది రామాబాయి. కంపెనీలో ఆమె డైరెక్టరు, సొంతంగా కందులు పండించే మనిషి.

"ఏది ఎంత ముఖ్యమో ఒక్కరు చెప్పొద్దక్కా. అందరం కూసోని గిన్నెలల్ల గింజలు వేద్దాం. ఏ గిన్నెల ఎన్ని పడితే దానికి అంత బరువు. ఒక్కొక్క దాంట్ల ఏ ఊరికెన్ని మార్కులో ముందే వేసి మూసిపెట్టి, బరువులు తేలినంకనే తెరవాలె. లేకుంటే ఎవరి ఊరి దిక్కు వాళ్ళు లాగుతరు. నేను సుత లాగుత."

ఆమె దాచుకోలేదు. పోటీలో ఉన్న మూడు ఊళ్ళలో ఒకటి ఆమెదే: శక్తినగర్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే మల్లాపురం. రెండోది జాలహళ్ళి, కంపెనీలో లారీల సంగతి చూసే మహాంతేశ్‌ది. మూడోది బాళగనూరు. అక్కడ స్థలం ఊరికే ఇస్తామన్నారు గాని ఊరంతా వరే, కందులు తక్కువ.

సోమవారం అందరూ కూర్చున్నారు. చింతగింజలు తెస్తానన్న రామాబాయి మరిచిపోయి వచ్చింది. ఉరుకుందప్ప కిందికి దిగి గంజ్‌లో ఒక పుట్నాల పొట్లం కట్టించుకొచ్చాడు.

"ఇవి గింజలు కావా ఏంది? పట్టుండ్రి, తలా ఒక గుప్పెడు."

"లెక్క పెట్టి ఇద్దామన్నా," అంది దేవిక.

"జల్ది కానీయమ్మా. గుప్పెడంటే గుప్పెడే."

బల్ల మీద నాలుగు స్టీలు గిన్నెలు: కందులు, కరెంటు, రోడ్డు, నడక. నడక గిన్నె ప్రాణేశ్ ముందే ఉంది. అతను తన గుప్పెడు మొత్తం అందులో గుమ్మరించాడు. దేవిక చూసింది. చూసి తల దించుకుంది గాని, పెదవి చివర కొంచెం కదిలింది. ఆ కదలిక కోసం ప్రాణేశ్ పొట్లం మొత్తం గుమ్మరించేవాడే.

అందరూ వేశాక, లెక్కపెట్టే ముందు, నడక గిన్నె ఎందుకు పెట్టామో మరోసారి చెప్పమంది రామాబాయి. దేవిక లేచి నిలబడింది. వాగు పొంగితే ఆడవాళ్ళు చెప్పులు చేతబట్టి ఎలా దాటుతారో, పొద్దుగూకితే ఎంత భయంభయంగా ఇంటికి చేరుతారో చెప్పింది. చెబుతుంటే ఆమె చేతులు ఊరుకోవు. ఒకసారి వాగవుతాయి, ఒకసారి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటాయి. ప్రాణేశ్ రెప్ప వేయడం లేదు. పొట్లంలో మిగిలినవి ఉరుకుందప్ప, మహాంతేశ్ నములుతూ వింటున్నారు. ప్రాణేశ్ కూడా నములుతూ వింటున్నాడు.

"కందుల గిన్నె అన్నిటికంటె ఎక్కువ," అని రామాబాయి లెక్కపెట్టి చెప్పింది. "తర్వాత రోడ్డు. కరెంటు. నడక... అన్నిటికంటె తక్కువ."

పంటి కింద ఒక పుట్నం పగిలింది. ప్రాణేశ్ చెయ్యి వంక చూసుకున్నాడు. వేళ్ళకు పొట్టు అంటుకుని ఉంది. ముందున్న గిన్నె అడుగు కనిపిస్తోంది. పొట్లం బల్లకు అవతలి కొసన ఉంది, అతని చెయ్యి అక్కడిదాకా పోనేలేదు.

చెప్పాలి. ఆ క్షణంలోనే చెప్పేస్తే నవ్వులతో పోయేది. కాని ఆ నవ్వులే భయం. మొదటి రోజు పట్టికతో పోయిన పరువు ఇప్పుడిప్పుడే తిరిగొస్తోంది. మార్కులు తెరిస్తే ఎలాగూ మల్లాపురమే వస్తుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుని నోరు మూసుకున్నాడు.

మార్కులు తెరిచారు. బరువులతో గుణించారు. జాలహళ్ళి కొంచెం తేడాతో గెలిచింది.

మహాంతేశ్ ఊరికి ఫోన్ చేస్తూ మెట్లు దిగాడు. "హలో, నమ్మూరిగే బంతు!" అని కన్నడంలో, మిల్లు మన ఊరికే వచ్చిందన్న కేక వీధిదాకా వినబడింది.

సాయంత్రం దేవికకు బస్టాండుదాకా తోడు నడిచాడు ప్రాణేశ్. ముసురు పట్టింది. గొడుగు ఒకటే. మామూలుగా అయితే ఆ గొడుగు కింద అతనికి కాళ్ళు నేల మీద ఉండేవి కావు. ఆవేళ మాత్రం ప్రతి అడుగూ బరువుగానే పడింది.

"ఒక మాట చెప్పాల్నా సార్? మీ గుప్పెడు మొత్తం మీరు నడక గిన్నెల వేసింది నేను చూసిన."

అతను గొడుగు ఆమె వైపు ఇంకొంచెం వంచాడు.

"మీ పట్టిక మీద గంత మాటన్న. అయినా మనసుల పెట్టుకోలే మీరు. కాని చూడుండ్రి, ఇంకెవ్వరు వేసినట్టు లేదు. రామాబాయక్క సుత వేయలే. పొలంకు నడిచే మనిషి, అక్కకేమైంది?"

"దేవికా..."

"చెప్పుండ్రి."

"...బస్సొచ్చింది."

బస్సు రావడం నిజమే. అతను చెప్పబోయింది మాత్రం అది కాదు.

ఆ తర్వాతి రోజులు ప్రాణేశ్‌కు నరకం. చూసేవాళ్ళకు స్వర్గంలా ఉండేది. దేవిక చాయ్ తెప్పిస్తే అతనికీ తెప్పించేది. జొన్నరొట్టెలో సగం విరిచి పుంటికూరతో అతని ముందు పెట్టేది. తినకూడనిది తిని సంపాదించిన మర్యాద ఇదంతా. నిజం తెలిస్తే ఈ పిల్ల తన మొహం చూడదు. ఆ భయంతో రోజుకో సాకు వెతికి, అద్దంలో తన మొహం తనే చూసుకోలేకపోయాడు.

ఆమె మాత్రం రామాబాయిని చూస్తే మొహం తిప్పుకునేది. రామాబాయి ఎందుకో తెలియక చిన్నబోయేది.

ఒక సాయంత్రం బస్టాండులో దేవిక గొంతు తగ్గించి చెప్పింది.

"మా ఊర్ల ఆడోళ్ళు నన్ను ఏమంటున్నరో తెలుసునా? అక్కడ కుర్చీల కూసోని ఏం చేసినవే అంటున్నరు. అమ్మ సుత అన్నది. వాళ్ళది తప్పు కాదు సార్. నాకే చెప్పనీకి రాలే. రేపటి నుంచి మీటింగులల్ల మాట్లాడేది బంద్ చేస్త. పెద్దోళ్ళు చెప్పింది రాసుకుంట కూసుంట."

స్టాండర్డ్ అంటే ఎవరని నిలదీసిన గొంతు అది. తన పరువు కాపాడుకోవడం కోసం ఆమె నోరు మూయించాడు. ఆ రోజు బస్సు వెళ్ళిపోయినా అక్కడే నిలబడ్డాడు, గొడుగు లేకుండా.

మరుసటి సోమవారం జాలహళ్ళి స్థలం కాగితాల మీద సంతకాలు. ఉరుకుందప్ప పెన్ను తీశాడు.

"ఆగన్నా," అన్నాడు ప్రాణేశ్. "ఆ లెక్క తప్పు. నడక గిన్నెల పుట్నాలు నేను తిన్న."

"ఏంది?"

"మీరందరు వేసినవి. దాదాపు అన్ని. చూసుకోకుంట తిన్న. తిన్నట్టు అప్పుడే తెలిసింది. చెప్పలే."

ఉరుకుందప్ప పెన్ను పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊరి కిస్మత్ తిన్నవు గదరా!" నవ్వుతూ నవ్వుతూనే మొహం ఎర్రబడింది. "ఇది ఆట అనుకున్నవా? సంతకం పెడుతుంటే చెప్తవా?"

రామాబాయి నవ్వలేదు. "సగం గుప్పెడు నేను అందులనే వేసిన. యాడ పోయినయి అని ఇంటికి పోయినంక గూడ అనుకున్న."

దేవిక రామాబాయి వైపు చూసింది. కళ్ళు నిండాయి. "అక్కా, నేను నిన్ను..." అని ఆగిపోయింది. ప్రాణేశ్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అతనికి అందరి నవ్వు కన్నా అదే ఎక్కువ తగిలింది.

అప్పటికప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కిందినుంచి గులకరాళ్ళు ఏరుకొచ్చి తలా ఇన్నని లెక్కపెట్టి ఇచ్చారు. మార్కులు అందరికీ తెలిసిపోయాయి గనుక సొంత ఊరున్నవాళ్ళిద్దరూ వేయకూడదని దేవికే అంది. తనూ మహాంతేశూ పక్కకు జరిగారు. అయినా నడక గిన్నె కందుల గిన్నెతో సమానంగా తూగింది. మల్లాపురం గెలిచింది.

మహాంతేశ్ కుర్చీలో కూలబడ్డాడు. "మా ఊర్ల జాగ చదును గూడ చేసేసిండ్రు గదప్పా. నేను ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె?"

"నువ్వెందుకు చెప్పాలన్నా? నేనొస్త. నేనే చెప్త," అన్నాడు ప్రాణేశ్.

మెట్ల మీద దేవిక అతన్ని ఆపింది.

"తిన్నందుకు కాదు," అంది. మీరు, సార్ రెండూ పోయాయి. "తప్పు నాదే అని నీ పక్కన నిలబడి ఏడ్చిన. విన్నవ్. నా రొట్టె తిన్నవ్."

"అవును."

"ఏం చెప్పుకోవా?"

"చెప్పుకోనీకి ఏం లేదు దేవికా."

"అయితే మా ఊరికి గూడ రా. నేను చేతకానిదాన్ని కాదని మా అమ్మకు నువ్వే చెప్పు."

జాలహళ్ళిలో పడ్డ తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. కన్నడంలో పడ్డాయి, తెలుగులో పడ్డాయి, ఒక పెద్దాయన ఉర్దూలో కూడా తిట్టాడు. చదును చేసిన నేల పక్కన నిలబడి ప్రాణేశ్ అన్నీ తల వంచుకుని విన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మహాంతేశే చాయ్ తాగించాడు.

మల్లాపురం వెళ్ళేసరికి జల్లు మొదలైంది. దేవిక తల్లి మంజమ్మ అరుగు మీద పదిమంది దాకా ఆడవాళ్ళున్నారు. ప్రాణేశ్ చూరు కింద నిలబడి, దాచకుండా మొత్తం చెప్పాడు. దేవిక ఎంత బాగా చెప్పిందో, నడక గిన్నెలో అందరూ పుట్నాలు వేశారని, వేసినవి తను తిన్నానని, తిని నోరు మూసుకున్నానని.

ముసలి బసవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంజమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆకలైతుండెనా బిడ్డా?"

"లేదమ్మా."

"మరెందుకు తిన్నవ్?"

అలవాటు అనవచ్చు. పొరపాటు అనవచ్చు. కాని ఇన్నాళ్ళు దాచి దాచి అతనికి విసుగొచ్చింది.

"దేవిక మాట్లాడుతుండె. చూసుకుంట కూసున్న. చెయ్యి ఏం చేస్తుందో నాకు తెల్వలే."

అన్నాక గాని ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. నీళ్ళ చెంబుతో బయటికొస్తున్న దేవిక గడపలోనే ఆగిపోయింది. ప్రాణేశ్ తల వాలిపోయింది. పదిరోజులుగా మోస్తున్న సిగ్గుకు ఇంకొక సిగ్గు తోడయింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ మాట మీ ఇంట్ల తెలుసునా?" అంది మంజమ్మ.

"ఇప్పటిదాంక నాకే సరిగ్గ తెల్వదమ్మా."

ఈసారి బసవ్వ నవ్వును కొంగు ఆపలేకపోయింది. అరుగు మీద నవ్వు ఈ చివరినుంచి ఆ చివరిదాకా పాకింది. మంజమ్మ కూతురి వైపు తిరిగింది. కూతురు చెంబు పట్టుకుని అతన్నే చూస్తోంది.

"నాకు కోపం పోలే," అంది దేవిక.

"తెలుసు."

"ఎప్పుడు పోతదో సుత తెల్వది."

"ఉండనీ. నువ్వు మీటింగుల మాట్లాడేది మాత్రం బంద్ చేయొద్దు."

"చేయ. నీ మీదనే షురూ చేస్త."

"వింట."

ఆమె చెంబు అతని చేతికిచ్చింది. కళ్ళలో కోపం ఉంది, కోపం వెనుక దాక్కోలేని నవ్వూ ఉంది. "అమ్మా," అంది అతని మీది నుంచి చూపు తిప్పకుండానే, "ఆదివారం వాళ్ళమ్మను తోలుకరమ్మని చెప్పు. ఆమెను నేను అడిగేవి శాన ఉన్నయి."

గాజులు గలగలమంటుండగా లోపలికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా అతన్ని ఎవరూ కూర్చోమనలేదు. మంజమ్మ కొంచెం పక్కకు జరిగి, కొంగుతో అరుగు మీది జల్లు తుడిచింది.

"కూసో బిడ్డా," అంది. "వాన తగ్గినంక పోదువు."